వంశానుగత జన్యుభేదము – రొమ్ము క్యాన్సరు చికిత్స
(డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసము, శంషాబాద్)



డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృత్యర్థమైన యీ ఉపన్యాసమును శంషాబాద్ విమానాశ్రయపు ప్రహరీకి కూతవేటు దూరమున ఏర్పాటుచేయుట నాకెంతయు ఉచితముగ తోచుచున్నది. 1922 అక్టోబరు మాసాంతమున బోస్టన్ రేవులో ఓడ దిగిన ఆ భీమవరపు బిడ్డ, 1948 ఆగస్టులో అమెరికాలోనే కన్నుమూయువరకు, కట్టుకున్న భార్యనుగాని పుట్టిననేలనుగాని మరల చూచుకొనలేదు. ఆయన తిరిగిరాలేకపోయిన దేశమునుండియే నేడు ఔషధములు చల్లని పెట్టెలలో భద్రపరుపబడి దేశదేశములకు ఎగిరిపోవుచున్నవి. 2008 మార్చిలో బేగంపేటనుండి విమానములు ఇచ్చటికి తరలివచ్చిన తరువాత సరుకుల విభాగములో మందులకొరకే ప్రత్యేకముగ ఒక శీతల మండలము ఏర్పడినది. ఇచ్చటినుండి బెంగుళూరు రహదారిపై కొంతదూరము పోయినచో కొత్తూరు దగ్గర క్యాన్సరు మందులు తయారుచేయు కర్మాగారము కలదు. ఆయన జీవించియుండి ఈ దృశ్యమును చూచినచో ఏమనెడివాడో ఊహించుట నా పనికాదు గాని, ఆయన ప్రారంభించిన ఆలోచన ఎంతదూరము వచ్చినదో చెప్పుట నా పనియే.

సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన జన్మించిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచుండగా గాంధీగారి పిలుపువిని ఖద్దరు ధరించుటచే ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. అను తక్కువ పట్టముతో సరిపెట్టుకొనవలసి వచ్చెను. సోదరులను బలిగొన్న స్ప్రూ అను గ్రహణివంటి వ్యాధి ఆయన మనస్సును జీవితాంతము వెన్నాడెను. ఆ వ్యాధికి మందైన ఫోలిక్ ఆమ్లమును 1945లో ఆయన నడుపుచున్న లెడర్లే పరిశోధనశాలవారే కృత్రిమముగ తయారుచేసిరి. కాని ఆయన ప్రజ్ఞ అంతటితో ఆగలేదు. రక్తకణములు పెరుగుటకు ఫోలిక్ ఆమ్లము అవసరమైనచో, హద్దుమీరి పెరుగు కణములను అదుపుచేయుటకు దానిని పోలియుండి దాని పనిని చెరుపు పదార్థము పనికివచ్చునని ఆయన తలపగా, అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను ప్రతిద్రవ్యములను అదే పరిశోధనశాల వెలువరించెను. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరినును లుకేమియా సోకిన పదునారుగురు బిడ్డలకిచ్చి పదిమందియందు మేలు చూచి, ఆ సంగతిని 1948 జూన్ నెలలో ప్రకటించినప్పటికి సుబ్బారావు గారికి రెండునెలల ఆయువే మిగిలియుండెను.

తరువాతి కథ మన ప్రస్తుత విషయమునకు దారితీయును. 1951లో జేన్ రైట్ అను నల్లజాతి వైద్యురాలు మెథోట్రెక్సేటుతో రొమ్ము క్యాన్సరు గడ్డలు కూడ తగ్గుట చూపెను. 1976లో ఇటలీ దేశపు మిలాన్ నగరమున బొనడొన్నా అను వైద్యుడు సైక్లోఫాస్ఫమైడు, మెథోట్రెక్సేటు, ఫ్లోరోయురాసిల్ అను మూడు మందులను శస్త్రచికిత్సానంతరము కలిపి ఇచ్చుటచే వ్యాధి తిరుగబెట్టుట తగ్గునని నిరూపించెను. నేడు చాలాచోట్ల ఆ కూర్పు వెనుకబడి, దాని స్థానమును వేరు మందులు ఆక్రమించినవి. అయినను మన ప్రశ్న ఆ మూడు మందులచుట్టే చక్కగా అల్లుకొనియున్నది. ఒకే ఆసుపత్రిలో, ఒకే వారమున, ఒకే మోతాదున అదే మందు పొందిన ఇద్దరు స్త్రీలలో ఒకరు జుట్టూడినను లేచి తిరుగుచు వంటచేసికొనుచుండగా, వేరొకరు నోరంతయు పుండ్లుపడి, తెల్లకణములు అడుగంటి, అత్యవసర విభాగమున చేరుచున్నారు. ఒకరి గడ్డ కరిగిపోవుచుండగా ఇంకొకరి గడ్డ కదలకున్నది. కర్మఫలమని నిట్టూర్చుట మనకు సులభము. కాని ఈ భేదమునందు కొంతభాగమునకైనను కారణము మన కణములలో పుట్టుకతో వచ్చిన లిపియందే కలదని గత ముప్పది నలుబది సంవత్సరముల శాస్త్రము చెప్పుచున్నది.

ఇచ్చట ఒక వివేచన చేయవలెను. రొమ్ములోని గడ్డయందు కనబడు జన్యుమార్పులలో అధికభాగము ఆ గడ్డలోనే, ఆ కణములలోనే, వయస్సుతోపాటు పుట్టినవి. అవి తల్లినుండి వచ్చినవికావు, బిడ్డకు పోవునవియు కావు. మనము నేడు మాటాడుకొనునది రెండవ జాతి మార్పులను గూర్చి. తల్లిదండ్రులనుండి సంక్రమించి, తలవెంట్రుక మొదలు కాలిగోరు వరకు ప్రతికణమునను ఉండు మార్పులను గూర్చి. ఇవి రెండువిధములుగ రోగిపై పనిచేయును: కొన్ని మందును జీర్ణించుకొను కాలేయాది అవయవముల శక్తిని మార్చును, కొన్ని గడ్డ స్వభావమునే నిర్ణయించును. 2022లో మన దేశమున దాదాపు లక్షా తొంబదిరెండువేలమంది స్త్రీలకు క్రొత్తగ రొమ్ము క్యాన్సరు కనబడినదని, తొంబదియెనిమిదివేలమంది మరణించిరని అంతర్జాతీయ అంచనాలు. వీరిలో బలమైన వంశకారణము గలవారు నూటికి ఐదునుండి పదిమంది మాత్రమే. కావున జన్యువులే సర్వస్వమని నేను చెప్పబోవుటలేదు.

మందుల సంగతి మొదట చూతము. ఫ్లోరోయురాసిల్‌ను, మాత్రల రూపమున దానికి తోబుట్టువైన కెపసైటబిన్‌ను శరీరమున విరుగగొట్టు ఎంజైము ఒకటి కలదు, దానిని డి.పి.వై.డి. అను జన్యువు నియమించును. ఆ జన్యువు లోపించినవారికి సాధారణ మోతాదే విషమై ప్రాణాపాయము తెచ్చును; అందుచే ఐరోపా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో, ఈ మందు మొదలిడుటకు ముందు ఆ లోపమును పరీక్షింపవలెనని సలహానిచ్చెను. ఐతే అచ్చటివారు వెదకు నాలుగు భేదములు ప్రధానముగ ఐరోపావారియందు కనుగొన్నవి. ఆ నాలుగింటినే మన రక్తమున వెదకి, లేవని నిశ్చింత పడుట సరియైన జాగ్రత్త కాదు. మెథోట్రెక్సేటు విషయమున ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్. అను జన్యుభేదమున్నవారికి బాధలు హెచ్చునని కొందరును, కాదని కొందరును చెప్పిరి. ఇక టామాక్సిఫెన్. హార్మోనుపై ఆధారపడు గడ్డలు గల స్త్రీలు రోజుకు ఇరువది మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చొప్పున ఐదు, పది సంవత్సరములు మింగు మందు ఇది. కాలేయమున సి.వై.పి.2డి6 అను ఎంజైము దీనిని ఎండాక్సిఫెన్ అను బలవత్తరమైన రూపమునకు మార్చును. ఆ ఎంజైము పుట్టుకతో మందమైనవారిలో ఎండాక్సిఫెన్ తక్కువగ ఏర్పడును. ఏర్పడును సరే, అందువలన వారు త్వరగ మరణింతురా? ఈ ప్రశ్నపై పండితులు ఏండ్లతరబడి కత్తులు దూసుకొనిరి, నేటికిని ఏకాభిప్రాయము లేదు; అందరికిని ఈ పరీక్ష చేయుమని పెద్ద మార్గదర్శకములు చెప్పుటలేదు. నా అభిప్రాయమడిగినచో, ఆ పరీక్షకంటె, ఆమె మందును మధ్యలో మానకుండ మింగుచున్నదా అని ప్రతి మూడుమాసములకు ఆప్యాయముగ విచారించుటయే అధికప్రయోజనకరము. కొన్ని మానసికవ్యాధుల మందులు, ముఖ్యముగ పెరోక్సెటిన్, ఆ ఎంజైమును అణచివేయును గనుక, టామాక్సిఫెన్ తీసికొనువారు ఆ సంగతి వైద్యునికి చెప్పుట మాత్రము మరువరాదు.

వంశభేదము మందుపై పనిచేయుటకు తెలుగువారి మధ్యనే ఒక నిదర్శనము కలదు. అది క్యాన్సరునకు సంబంధించినది కాకున్నను, ఈ విషయమును దానికంటె స్పష్టముగ బోధించునది మరొకటి నాకు కనబడలేదు. శస్త్రచికిత్సకు మత్తిచ్చునపుడు కండరములను సడలించుటకు సక్సినైల్‌కోలీన్ అను మందు వాడుదురు. అది నిమిషములలో కరగిపోవలెను. బ్యూటైరిల్‌కోలీనెస్టరేజ్ అను ఎంజైము దానిని కరగించును. ఆర్యవైశ్య కుటుంబములలో కొందరికి ఈ ఎంజైము లోపించుటచే, మందు కరగక, గంటలకొలది స్వయముగ శ్వాసింపలేక, యంత్రముపై ఉంచవలసివచ్చుట మత్తువైద్యులకు అనుభవైకవేద్యము. 2006 ప్రాంతమున దీనికి కారణమైన జన్యుమార్పును కనుగొనిరి. హబ్సిగూడలోని సి.సి.ఎం.బి. పరిశోధకులు లాల్జీసింగ్, తంగరాజ్ ప్రభృతులు అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి 2009లో ప్రకటించిన పరిశీలనలో, ఈ సమాజము వందతరములకు పైబడిన కాలమునుండి తనలోతానే వివాహసంబంధములు చేసికొనుచు వచ్చినదని జన్యుచిహ్నములు తెలిపెను. ఇందులో ఆ సమాజమునకు అవమానమేమియు లేదు. మన తెలుగుదేశమున కులములు, ఉపకులములు, శాఖలు ఏవైనను అన్నియు ఇంచుమించుగ ఇట్లే తమలోతాము పెండ్లిండ్లు చేసికొనుచు వచ్చినవి. ఒక్కొక్కదాని యందును ఒక్కొక్క ప్రత్యేక భేదము పోగుపడియుండును. వాటిని కనుగొనువారేరీ అన్నదే ప్రశ్న. మత్తుమందిచ్చు వైద్యుడు ముందుగ తెలిసికొన్నచో వేరు మందువాడి గండము దాటించును. ఇంత చిన్న జాగ్రత్తయే ఒక ప్రాణమును నిలుపుచున్నది.

ఇప్పుడు గడ్డ స్వభావమును నిర్ణయించు జన్యువులను చూతము. మేరీ క్లేర్ కింగ్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలు, రొమ్ము క్యాన్సరు కొన్ని కుటుంబములలో వరుసగ వచ్చుటకు కారణమైన జన్యువు పదునేడవ క్రోమోజోముపై ఉండునని 1990లో చూపగా, 1994లో బి.ఆర్.సి.ఎ.1, 1995లో బి.ఆర్.సి.ఎ.2 జన్యువులు గుర్తింపబడెను. డి.ఎన్.ఎ. తెగినపుడు దానిని సరిగ అతుకుట వీని పని. వీనిలో మొదటిదానియందు దోషము గల స్త్రీకి ఎనుబదియేండ్లు వచ్చులోపల రొమ్ము క్యాన్సరు వచ్చు అవకాశము నూటికి డెబ్బదిరెండు, రెండవదానికి అరువదితొమ్మిది అని 2017 నాటి విస్తృతాధ్యయనము. అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 2013 జూన్ 13న ప్రకృతిసిద్ధమైన జన్యువును ఎవరును తమ సొత్తని పేటెంటు రూపమున హక్కుచేసికొనజాలరని తీర్పుచెప్పుటతో, అంతవరకు ఒక్క సంస్థ గుప్పిటనున్న ఈ పరీక్ష పదిమందికి అందుబాటునకు వచ్చెను.

ఈ దోషమున్నదనినంత మాత్రమున ఆ స్త్రీ త్వరగ మరణించునని అనేకులు భయపడుదురు. ఇచ్చటనే నేటి ఉపన్యాసపు ముఖ్యవిషయము. బ్రిటన్‌లో నలుబదియేండ్లలోపు రొమ్ము క్యాన్సరు వచ్చిన 2,733 మంది స్త్రీలను పరిశీలించి 2018లో ప్రకటించిన అధ్యయనములో, వీరిలో పన్నెండుశాతమునకు ఈ దోషములుండగా, దోషమున్నవారును లేనివారును బ్రతికిన కాలమున చెప్పదగిన భేదము కనబడలేదు. పుట్టుకతో వచ్చిన లోపము రోగమును తెచ్చునేగాని, రోగము వచ్చిన తరువాత ఆమెను మరణమునకు ఎక్కువగ అప్పగింపదు. అంతేకాదు, రోగమును తెచ్చిన లోపమే మందునకు మార్గము చూపును. హైదరాబాదు నగరమునుండి ఈ విమానాశ్రయమునకు వచ్చుటకు బెంగుళూరు రహదారి ఒకటి, ఔటర్ రింగురోడ్డు మరియొకటి గలవు గదా! ఒకటి మూతపడినను ప్రయాణికుడు రెండవదానిని పట్టుకొని వచ్చును. రెండును మూసినచో విమానము తప్పును. బి.ఆర్.సి.ఎ. మార్గము దోషముచే మూసుకొనిపోయిన గడ్డకణము డి.ఎన్.ఎ. మరమ్మతుకై పార్ప్ అను రెండవ మార్గమును నమ్ముకొనియుండును; ఆ రెండవదానిని మందుతో మూసినచో అది కూలును, రెండుమార్గములు గల ఆరోగ్యకణము మిగులును. 2005లో రెండు పరిశోధకబృందములు ప్రయోగశాలలో నిరూపించిన ఈ సంగతినుండి ఒలాపరిబ్ అను మాత్ర పుట్టెను. అధికప్రమాదముగల దోషవతులకు చికిత్సానంతరము దానిని ఒక ఏడాది ఇచ్చి చూడగా, మూడేండ్లకు వ్యాధి తిరుగబెట్టకున్నవారు 85.9 శాతము, మందులేని ఉత్త మాత్రలు మింగినవారిలో 77.1 శాతము, నాలుగేండ్లకు బ్రతికియున్నవారు 89.8 శాతము, అటువారిలో 86.4 శాతము. వ్యాపించిన క్యాన్సరునందు కార్బోప్లాటిన్, డోసెటాక్సెల్ అను రెండు మందులను పోల్చి చూచిన బ్రిటన్ పరిశోధనలో, బి.ఆర్.సి.ఎ. దోషము గలవారి గడ్డలు మొదటిదానికి నూటికి అరువదియెనిమిది, రెండవదానికి ముప్పదిమూడు మాత్రమే లొంగెను. ఒకే ఆసుపత్రి, ఒకే రోగము. ఏ మందు ముందు పెట్టవలెనో రక్తములోని లిపి చెప్పుచున్నది.

ఇక మనలోనికి వత్తము. పరీక్షకు ముందు వంశవృక్షము గీయుదురు. పురుషునకు చతురస్రము, స్త్రీకి వృత్తము, రోగమున్నవారికి నిండు నలుపు, పోయినవారిపై ఏటవాలుగ గీటు, సలహాకై వచ్చినవారికి బాణపుగుర్తు. తల్లివైపు కొమ్మలు చకచక నిండును. తండ్రివైపు అడిగినచో సలహాకై వచ్చిన స్త్రీ కొంచెమాలోచించి ‘మా మేనత్తకు రొమ్ములో గడ్డయ్యి పోయింది గని, ఆమె ఎప్పుడో పరాయింటికి పోయింది గద మేడమ్’ అనును. పరాయింటికి పోయినను జన్యువు తాతయింటిదే గదా! బి.ఆర్.సి.ఎ. దోషము తండ్రినుండి కూడ వచ్చును. దోషముగల తల్లిగాని తండ్రిగాని ప్రతి సంతానమునకు సగము అవకాశముతో అందింతురు. తండ్రికి ఏ జబ్బు రాకపోవచ్చును. వచ్చినచో ప్రోస్టేటు రావచ్చును, అరుదుగ మగవానికి రొమ్ము క్యాన్సరే రావచ్చును. మేనరికమును గూర్చి కూడ ఒకమాట. మేనరికముచేత బి.ఆర్.సి.ఎ. రొమ్ము క్యాన్సరు హెచ్చునన్న భ్రమ కొందరికి గలదు. ఈ రోగమునకు ఒక్కవైపు దోషమే చాలును. కాని ఒకే దోషము ఇరువైపులనుండి బిడ్డకు చేరినచో, బి.ఆర్.సి.ఎ.2 విషయమున ఫాంకోని రక్తహీనత అను ఘోరమైన బాల్యవ్యాధి రావచ్చును. దోషము తెలిసిన యింట మేనరికము తలపెట్టునపుడు దీనిని తెలిసియుండవలెను.

రక్తము తీయుట క్షణకాలపు పని: ఊదామూత గల సన్ననిగొట్టము, కొద్ది మిల్లీలీటర్లు, మంచుదిమ్మతో థర్మోకోలు పెట్టె. కష్టమంతయు ఫలితము చదువుటయందే. భేదము కనబడెను గాని దాని అర్థము నిర్ణయింపబడలేదని నివేదిక రావచ్చును. అట్టి వాక్యముపై ఆధారపడి ఎవరును రొమ్ము తీయించుకొనరాదు, ఎవరును భయపడరాదు. ఈ అనిశ్చితి మనవారికే అధికము. ఎందుకనగా ఏ మార్పు హానికరమో ఏది కాదో తేల్చు భాండారములు ఎక్కువగ ఐరోపావారి రక్తముతో నిండినవి. 2019లో ప్రకటించిన 313 జన్యుభేదములు గల ప్రమాదగణన కూడ ప్రధానముగ వారి లెక్కయే. మనుగడపై ఈ చిన్న భేదముల ప్రభావము మరింత స్వల్పము: తొంబదియారువేలమందికి పైగా రోగులను జల్లెడపట్టినను దొరకినది కొంచెమే.

అందుచే నేను తుదకు ఒకమాట కటువుగనే చెప్పెదను. మన స్త్రీల మనుగడను నిర్ణయించు జన్యువులకంటె పెద్దది ఆలస్యము. గడ్డ తగిలిన తరువాత ఇంట చెప్పుటకే సిగ్గుపడి, వాకిటి పసరుమందుతో ఆరునెలలు గడపి, గడ్డ పుండైన తరువాత లక్డీకాపూల్ దగ్గరి రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రికి వచ్చు స్త్రీకి ఏ పార్ప్ మాత్రయు మొదటిదశలోని శస్త్రచికిత్సకు సమానము కాజాలదు. బెంగుళూరు రోడ్డున ఆరాంఘర్ దాటి మెహదీపట్నమునకు మీదుగ వేసిన వంతెన యెక్కినచో శంషాబాద్‌నుండి ఆ ఆసుపత్రికి గంటకన్న తక్కువ ప్రయాణము. ఊరినుండి బస్సెక్కుటకు పట్టు మాసములే ఎక్కువ.

వైద్యులకు నా విన్నపము: నలుబదియైదేండ్లలోపు స్త్రీకి రొమ్ము క్యాన్సరైనను, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరోన్, హెర్2 అను మూడు గ్రాహకములును లేని గడ్డ ఏ వయస్సున కనబడినను, మగవానికి వచ్చినను, అండాశయ క్యాన్సరు ఇంట ఉన్నను జన్యుపరీక్షను గూర్చి సలహా అడుగుడు, బేగంపేటలోని ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యువ్యాధుల సంస్థయు, నిమ్స్‌లోని జన్యువైద్యవిభాగమును మన ప్రభుత్వరంగముననే గలవు. గ్రామములనుండి వచ్చిన తల్లులారా, అక్కలారా, డాక్టరు మీ యింటివారినిగూర్చి అడిగినప్పుడు మీ నాన్న అక్కచెల్లెండ్రను, మీ తాత అప్పచెల్లెండ్రను కూడ జ్ఞప్తికి తెచ్చుకొని, ఎవరికి ఏ వయస్సున ఏమైనదో ఇంటికి పోయి ఒక కాగితముపై వ్రాసియుంచుడు. పరాయింటికి పోయినవారి పేర్లు ముందు వ్రాయుడు.